కొత్త టైరు వణికిస్తుంటే: లోపం టైరుదా, రిమ్ముదా, బిగించిన తీరుదా?

బైకుకు ముందు టైరు కొత్తది వేయించారు. సందుల్లో, సిగ్నళ్ల మధ్య తిరిగినంతసేపూ ఏ తేడా తెలియలేదు. రోడ్డు ఖాళీగా దొరికి స్పీడోమీటరు ముల్లు 50 దాటగానే హ్యాండిల్ సన్నగా వణకడం మొదలైంది. 60 దగ్గర ఆ వణుకు భుజాల దాకా పాకింది. 75 దాటాక విచిత్రంగా తగ్గిపోయింది. షాపుకు తిరిగి వెళితే వినిపించే సమాధానం చాలామందికి పరిచయమే: "కొత్త టైరు కదా సార్, నాలుగు రోజులు నడపండి, అదే సర్దుకుంటుంది."

ఆ మాట పూర్తిగా అబద్ధం కాదు. అందుకే అది ప్రమాదకరం. కొన్ని వణుకులు నిజంగానే పది ఇరవై కిలోమీటర్లలో పోతాయి. కొన్ని ఎన్ని వేల కిలోమీటర్లు నడిపినా పోవు, పైగా పెరుగుతాయి. ఏది ఏ రకమో తేల్చుకోవడానికి ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. ఒక సుద్దముక్క, కొంచెం సబ్బు నీళ్లు, ఓపికగల మెకానిక్ ఉంటే చాలు.

రోడ్డు ప్రమాదాల్లో 2022లో దేశవ్యాప్తంగా 1,68,491 మంది మరణించారు. వారిలో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాలపై వెళ్తున్నవారే. ఇవన్నీ టైర్ల వల్ల జరిగినవి కావు. కానీ కారుకు ఒక టైరు మొరాయిస్తే మిగతా మూడు ఆసరా ఇస్తాయి, బైకుకు ఆ వెసులుబాటు లేదు. టైరులో చదరపు అంగుళానికి 28 పౌండ్ల గాలి ఉందంటే, ప్రతి చదరపు సెంటీమీటరు మీదా దాదాపు 2 కిలోల బరువును అది మోయగలుగుతుంది. వెనక చక్రంపై 130 కిలోల భారం పడితే నేలను తాకే భాగం సుమారు 65 చదరపు సెంటీమీటర్లు, అంటే పెద్దవారి అరచేతి కంటే చిన్నది. బ్రేకు పడాలన్నా, మలుపు తిరగాలన్నా ఆధారం అలాంటి రెండు మచ్చలే.

టైరు ఎలా పుడుతుందో తెలిస్తే లోపం ఎక్కడ దాగుతుందో తెలుస్తుంది

టైరు ఒకే ముక్క రబ్బరు కాదు. గుండ్రటి డ్రమ్ము మీద పొరలు పొరలుగా చుట్టి దాన్ని తయారు చేస్తారు. గాలిని పట్టి ఉంచే లోపలి పొర, దానిమీద రబ్బరు పూసిన నైలాన్ దారాల పొరలు, రెండు అంచుల్లో రిమ్మును పట్టుకునే ఉక్కు తీగల వలయాలు, అన్నిటికీ పైన నేలను తాకే ట్రెడ్. లోపలి వలయాలనే బీడ్ అంటారు. ఇలా చుట్టిన పచ్చి టైరును అచ్చులో పెట్టి, లోపలి నుంచి ఆవిరి లేదా వేడి వాయువుతో ఒత్తుతూ, 150 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడి చేస్తారు. ఆ వేడికి రబ్బరు అణు గొలుసుల మధ్య గంధకం వంతెనలు కడుతుంది. జిగటగా సాగే ముద్ద, సాగి మళ్లీ యథాస్థితికి వచ్చే పదార్థంగా మారుతుంది. చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో గమనించిన వల్కనీకరణ ఇదే.

పొరలు చుట్టేటప్పుడు ప్రతి పొరకూ ఒక మొదలు, ఒక చివర ఉంటాయి. రెండూ కలిసే చోట అతుకు పడుతుంది. చీరకుచ్చిళ్లలో ఒక మడత మందంగా పడితే అక్కడ ఎలా ఎత్తుగా కనిపిస్తుందో, అతుకు ఎక్కువ మందమైతే టైరు చుట్టుకొలతలో అక్కడ బరువూ గట్టిదనమూ పెరుగుతాయి. పచ్చి టైరు అచ్చులో సరిగ్గా మధ్యన కూర్చోకపోతే ఒక పక్క పలచగా, ఇంకో పక్క మందంగా వస్తుంది. పొరల మధ్య గాలి బుడగో తేమో చిక్కుకుంటే ఆ చోట పొరలు అంటుకోవు. కొత్తగా ఉన్నప్పుడు అది కంటికి కనిపించకపోవచ్చు. కొన్ని వందల కిలోమీటర్లు వేడెక్కి చల్లారాక అక్కడ పొక్కు లేస్తుంది.

ఫ్యాక్టరీలో తనిఖీలు ఉంటాయి. మన దేశంలో ద్విచక్ర, త్రిచక్ర వాహనాల టైర్లకు ఐఎస్ 15627 అనే భారతీయ ప్రమాణం వర్తిస్తుంది. 2009 నాటి నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు ప్రకారం ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. అయినా లక్షల సంఖ్యలో తయారయ్యే వస్తువులో అరుదుగా ఒకటి తప్పించుకుని బయటకు వస్తుంది. ఆ ఒక్కటి ఎవరి బండికి పడితే వారికి సగటు లెక్కలతో పనిలేదు.

వణుకు 60 దగ్గరే ఎందుకు?

100/90-17 కొలత ఉన్న టైరు వ్యాసార్థం సుమారు 30 సెంటీమీటర్లు, చుట్టుకొలత సుమారు 1.9 మీటర్లు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో అది సెకనుకు దాదాపు 9 చుట్లు తిరుగుతుంది. రిమ్ము అంచు దగ్గర ఒక పక్క 30 గ్రాములు ఎక్కువ ఉందనుకుంటే, ఆ వేగంలో ఆ చిన్న బరువు ఇరుసును దాదాపు 2 కిలోల బలంతో బయటికి లాగుతుంది. సెకనుకు 9 సార్లు ఒకసారి పైకి, ఒకసారి కిందికి. బలం వేగపు వర్గంతో పెరుగుతుంది కాబట్టి 90 దగ్గర అది దాదాపు నాలుగున్నర కిలోలు అవుతుంది.

మరి 75 దాటాక వణుకు పెరగాలి గానీ తగ్గిందేమిటి? బైకు ముందు భాగానికి, అంటే ఫోర్కు, చక్రం, హ్యాండిల్ కలిసిన అమరికకు, సహజంగా ఊగే ఒక లయ ఉంటుంది. చాలా బైకుల్లో అది సెకనుకు 6 నుంచి 10 ఊపుల మధ్య ఉంటుంది. ఉయ్యాలను దాని లయకు సరిపోయేలా తోస్తే చిన్న తోపుకే పెద్ద ఊపు వచ్చినట్టు, చక్రం తిరిగే లయ ఈ సహజ లయతో కలిసిన వేగంలో వణుకు విజృంభిస్తుంది. భౌతికశాస్త్రంలో దీన్ని అనునాదం అంటారు. వేగం ఇంకా పెరిగితే రెండు లయలు విడిపోయి హ్యాండిల్ ప్రశాంతంగా ఉన్నట్టు అనిపిస్తుంది. కారణం మాత్రం అక్కడే ఉంది, బలం నిజానికి ఇంకా పెరిగింది. "కొంచెం స్పీడు పెంచితే పోతుంది సార్" అనే సలహా వినకూడనిది ఇందుకే.

ముందుగా వణుకు చక్రానిదేనని నిర్ధారించుకోవాలి. ఖాళీ రోడ్డు మీద అదే వేగంలో క్లచ్ పట్టి ఇంజను వేగం పడిపోనిస్తే, వణుకు మారకుండా కొనసాగితే అది చక్రాల వైపు నుంచి వస్తోంది, ఆగిపోతే ఇంజను వైపు చూడాలి. చేతులకు ఎక్కువగా తెలిస్తే సాధారణంగా ముందు చక్రం, సీటుకూ కాళ్లకూ తెలిస్తే వెనక చక్రం. ఈ పరీక్ష చేస్తూ హ్యాండిల్ వదిలి చూడటం కొందరికి సరదా. అనునాదంలో ఉన్న ముందు చక్రానికి రైడరు చేతులే పెద్ద అడ్డు, అవి తీసేస్తే ఊగిసలాట క్షణాల్లో అదుపు తప్పవచ్చు.

అరిగిన వెనక టైరు, వదులైన హ్యాండిల్ బేరింగు కూడా ఇలాంటి వణుకునే తెస్తాయి. ముందు టైరును నిందించే ముందు మెకానిక్ ఆ రెండింటినీ చూడాలి. వణుకు కొత్త టైరు వేసిన రోజే మొదలైతే మాత్రం అనుమానం సహజంగా టైరు మీదకు, దాన్ని బిగించిన పని మీదకు వెళ్తుంది.

సుద్దముక్కతో తేలే తగువు

బండిని సెంటర్ స్టాండు వేసి, చక్రం గాలిలో ఉండేలా చూడాలి. ఫోర్కుకు ఒక పుల్లనో ప్లాస్టిక్ ట్యాగునో కట్టి, దాని కొన ట్రెడ్‌కు ఒకటి రెండు మిల్లీమీటర్ల దూరంలో ఉండేలా అమర్చాలి. చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పితే ఆ సందు సమానంగా ఉంటోందా, ఒకచోట మూసుకుపోయి ఇంకోచోట తెరుచుకుంటోందా కంటికే కనిపిస్తుంది. పుల్ల కొనను రిమ్ము అంచు దగ్గరకు జరిపి అదే పని మళ్లీ చేయాలి. చాలా బైకుల సర్వీసు పుస్తకాల్లో రిమ్ము ఎత్తుపల్లాలకు, పక్కల ఊపుకు ఇచ్చే హద్దు 2 మిల్లీమీటర్లు. రిమ్మే అంతకు మించి ఊగుతుంటే బెండు తీయించడమో రిమ్ము మార్చడమో చేయాలి, టైరును తప్పుపట్టి లాభం లేదు. అంతకుముందు ఎప్పుడో గుంతలో పడినప్పుడు వచ్చిన బెండు, పాత టైరు అరుగుదలలో కలిసిపోయి, కొత్త టైరు వేశాకే బయటపడటం మామూలే.

రిమ్ము బాగుండి ట్రెడ్ మాత్రం ఎగుడుదిగుడుగా ఉంటే తర్వాత చూడాల్సింది బీడ్ కూర్చున్న తీరు. టైరు పక్కభాగంలో, రిమ్ముకు అతి దగ్గరగా, చుట్టూ ఒక సన్నని గీత ఉబ్బెత్తుగా ఉంటుంది. రిమ్ము అంచుకూ ఆ గీతకూ మధ్య దూరం చుట్టూ ఒకేలా ఉండాలి. ఒకచోట గీత రిమ్ములోకి మునిగిపోయి కనిపిస్తే బీడ్ అక్కడ పూర్తిగా బయటికి రాలేదన్నమాట. సబ్బు నీళ్లు రాయకుండా పొడిగా ఎక్కించిన టైర్లలో ఇది తరచూ కనిపిస్తుంది. గాలి తీసి, బీడ్ విడదీసి, సబ్బు నీళ్లు రాసి, మళ్లీ గాలి కొడితే సరిపోతుంది. ఎంత దాకా కొట్టవచ్చో తయారీదారు చెబుతారు. బీడ్ కూర్చోలేదని ఆ హద్దు దాటించి కొడుతూ పోతే ఉక్కు తీగ తెగి టైరు పేలే ప్రమాదం ఉంది.

ఇంత చేశాక కూడా ఊపు మిగిలితే అసలు ప్రయోగం చేయాలి. టైరులో ఎత్తుగా ఉన్నచోట సుద్దతో ఒక గీత, దానికి ఎదురుగా రిమ్ము మీద ఇంకో గీత. తర్వాత గాలి తీసి, టైరును రిమ్ము మీద సగం చుట్టు తిప్పి, సబ్బు నీళ్లతో మళ్లీ కూర్చోబెట్టి, మునుపటి పీడనానికే గాలి కొట్టాలి. ఇప్పుడు పుల్లతో మళ్లీ కొలవాలి. ఎత్తు టైరు మీది గీతతో పాటు తిరిగి అవతలి పక్కకు వెళ్లిందా? లోపం టైరుదే. ఎత్తు రిమ్ము గీత దగ్గరే ఉండిపోయిందా? లోపం రిమ్ముది. మొత్తానికే మాయమైందా? మొదటిసారి బిగించడంలోనే తేడా ఉంది.

ప్రయోగశాలలో శాస్త్రవేత్త చేసేదీ ఇదే, మిగతావన్నీ అలాగే ఉంచి ఒక్కదాన్ని మార్చి చూడటం. షాపు కౌంటరు ముందు అరగంట వాదించినా తేలనిది ఇక్కడ తేలిపోతుంది. ఆ రెండు స్థితుల్లోనూ ఫోనుతో వీడియో తీసి ఉంచుకుంటే అదే తర్వాత సాక్ష్యం.

బ్యాలెన్సింగ్‌కు ఈ పరీక్ష ప్రత్యామ్నాయం కాదు, బ్యాలెన్సింగ్ దీనికి ప్రత్యామ్నాయమూ కాదు. ఇరుసు మీద స్వేచ్ఛగా తిరిగే చక్రం ఎప్పుడూ బరువైన పక్క కిందకు వచ్చే ఆగుతుంది, ఎదురు పక్క కొన్ని గ్రాముల బరువు అతికిస్తే ఆ తేడా పోతుంది. కొన్ని టైర్ల మీద రంగు చుక్క ఉంటుంది. తేలికైన చోటును సూచించే ఆ చుక్క వాల్వు పక్కన వచ్చేలా ఎక్కిస్తే బరువులు తక్కువ పడతాయి. కానీ బ్యాలెన్సింగ్ బరువును సరిచేస్తుంది, ఆకారాన్ని కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న టైరుకు సీసం ముక్కలు అతికించి యంత్రం మీద సున్నా చూపించవచ్చు. రోడ్డు మీద అది ప్రతి చుట్టుకూ ఇరుసును ఎత్తి దించుతూనే ఉంటుంది. "బ్యాలెన్సింగ్ కరెక్టుగా వచ్చింది, ఇక టైరు తప్పేం లేదు" అన్న వాదన అందుకే నిలవదు. 60 గ్రాములకు మించి బరువు పెట్టాల్సి వస్తుంటే అదే ఒక అనుమానపు గుర్తు.

నిజంగా సర్దుకునేవి, లోపంలా కనిపించేవి

నాలుగు రోజుల సలహాలో నిజం ఎంత? గోదాములో టైర్లను ఒకదానిమీద ఒకటి పేర్చి, కట్టలు కట్టి నొక్కి ఉంచుతారు. అలాంటి టైరు మొదట్లో వంకరగా ఉండి, గాలి పట్టి వేడెక్కాక గుండ్రంగా సర్దుకుంటుంది. నెలల తరబడి తక్కువ గాలితో ఒకేచోట నిలిపి ఉంచిన కొత్త బండి టైరుకు నేలను తాకిన చోట చదును పడుతుంది. నైలాన్ దారాలకు ఈ గుణం ఎక్కువ. రాత్రంతా నిలిపిన బండి పొద్దున మొదటి కిలోమీటరులో టకటకలాడి తర్వాత మామూలు కావడం దీనివల్లే. ఈ రకం వణుకు పది ఇరవై కిలోమీటర్ల ప్రయాణంలో స్పష్టంగా తగ్గాలి. తగ్గకపోతే నాలుగు రోజులు కాదు, నలభై రోజులైనా తగ్గదు.

ట్రెడ్ మీద సన్నని రబ్బరు వెంట్రుకలు అచ్చులోని గాలి రంధ్రాల గుర్తులు, లోపం కాదు. టైరు పక్కలు కొన్నాళ్లకు గోధుమ రంగుకు తిరగడమూ లోపం కాదు. గాలిలోని ఓజోన్ రబ్బరును కోయకుండా కలిపే మైనం, రక్షక రసాయనాలు నెమ్మదిగా పైకి వచ్చి కాపలా కాస్తున్నాయని దానర్థం. దాన్ని చూసి నల్లటి పాలిష్ రుద్దేవారు ఉన్నారు. పక్కలు మెరుస్తాయి, ట్రెడ్ మీదకు జారితే బండి కూడా జారుతుంది.

ఉబ్బు మాత్రం ఎప్పుడూ ఉపేక్షించదగ్గది కాదు. టైరు పక్కభాగంలో బఠాణీ గింజంత పొక్కు లేచినా అక్కడ లోపలి దారాలు తెగాయి, లేదా పొరలు విడిపోయాయి. చదరపు సెంటీమీటరుకు 2 కిలోల ఒత్తిడిని ఇప్పుడు పలచని రబ్బరు ఒక్కటే ఆపుతోంది. అది ఫ్యాక్టరీ లోపమా, గుంత దెబ్బా అన్నది తర్వాతి సంగతి, ముందు ఆ బండిని నడపడం ఆపాలి. ట్రెడ్ అతుకు విచ్చుకోవడం, గాడి అడుగున దారం కనిపించడం కూడా ఇదే కోవలోవి.

కంపెనీ ప్రతినిధి ఏం చూస్తాడు?

టైరు కంపెనీలు తయారీ లోపాలకు హామీ ఇస్తాయి. కొత్త బండితో వచ్చిన టైరుకు కూడా సాధారణంగా హామీ బండి కంపెనీది కాదు, టైరు కంపెనీది. యజమాని పుస్తకంలో అది చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఈ ఒక్క సంగతి తెలియక షోరూముకూ టైరు డీలరుకూ మధ్య బంతిలా తిరిగేవారు ఎందరో.

తనిఖీకి వచ్చిన ప్రతినిధి టైరును విప్పించి లోపలి వైపు చూస్తాడు. లోపలి పొర చుట్టూ రబ్బరు పొడి రాలి, వలయంలా నలిగి ఉంటే గాలి తక్కువగా నడిపారని నిర్ణయిస్తాడు. ఉబ్బు వెనక దారాలు ఒకే వరసలో పటుక్కున తెగి ఉంటే రాయి దెబ్బో గుంత దెబ్బో. బీడ్ మీద గాట్లు ఉంటే పంక్చర్ షాపులో రాడ్లతో పీకినప్పుడు పడినవి. ఇవేవీ హామీ కిందకు రావు. దారాలు తెగకుండానే పొరలు శుభ్రంగా విడిపోయి ఉన్నా, అతుకు విచ్చుకున్నా, టైరు ఆకారమే తప్పినా తయారీ లోపం వైపు మొగ్గు ఉంటుంది. అందుకే వారానికోసారి గాలి చూపించి తేదీ రాసుకునే అలవాటు ఇక్కడ అక్కరకు వస్తుంది.

లోపం ఒప్పుకున్నా పూర్తి కొత్త టైరు ఊరికే రావడం అరుదు. అరిగిన మేరకు కోత ఉంటుంది. ఉదాహరణకు 2,000 రూపాయల టైరు పావు వంతు అరిగితే 500 రూపాయలు కొనుగోలుదారు కట్టాలి. అంటే ఫిర్యాదు ఆలస్యమైన కొద్దీ నష్టం. బిల్లు, టైరు మీది వరుస సంఖ్య, ఓడోమీటరు అంకె, లోపం ఫొటోలు జతచేసి రాతపూర్వకంగా ఇవ్వడం, టైరు అప్పగిస్తే రసీదు తీసుకోవడం మంచిది. రసీదు లేకుండా షాపులో వదిలిన టైరు తర్వాత దొరకదు, అదే కదా అసలు ఆధారం.

కంపెనీ కాదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద రెండేళ్లలోపు జిల్లా కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. 5 లక్షల రూపాయల లోపు విలువకు రుసుము లేదు. పరీక్ష లేకుండా లోపం తేలదనిపిస్తే కమిషన్ ఆ వస్తువు నమూనాకు సీలు వేసి ప్రయోగశాలకు పంపించే ఏర్పాటు అదే చట్టంలో ఉంది. అయితే పరీక్ష ఖర్చు ముందుగా ఫిర్యాదుదారే జమ చేయాలి. రెండు వేల టైరు కోసం అంత దూరం వెళ్లేవారు తక్కువ, దానికి వారిని తప్పుపట్టలేం. సుద్దగీతల వీడియో విలువ అక్కడే తెలుస్తుంది. చాలా తగువులు కమిషన్ దాకా వెళ్లకుండా డీలరు దగ్గరే తేలిపోవడానికి అలాంటి స్పష్టమైన ఆధారం తోడ్పడుతుంది.

బదులు టైరు ఏది?

టైరు చేదు అనుభవం మిగిల్చాక సహజంగా వచ్చే ఆలోచన, ఈసారి ఇంకా లావుపాటిది వేయిద్దామని. చూడ్డానికి బాగుంటుంది, అంతవరకే. రిమ్ము వెడల్పుకు మించిన టైరు అంచులు లోపలికి నొక్కుకుపోయి, ట్రెడ్ గుండ్రదనం మారుతుంది. మలుపులో బండి వాలే తీరు మారుతుంది, మైలేజీ తగ్గుతుంది. 90/90-17 స్థానంలో 100/90-17 వేస్తే వ్యాసం 3 శాతం పెరుగుతుంది. వేగాన్ని ఆ చక్రం నుంచే కొలిచే బండిలో మీటరు 60 చూపుతుంటే అసలు వేగం దాదాపు 62.

టైరు మీది అంకెలు చదవడం కష్టమేమీ కాదు. 100/90-17 55పి అన్నప్పుడు 100 వెడల్పు మిల్లీమీటర్లలో, 90 అంటే ఎత్తు వెడల్పులో 90 శాతం, 17 రిమ్ము వ్యాసం అంగుళాల్లో. 55 బరువు సూచిక, అంటే ఒక్కో టైరు 218 కిలోలు మోయగలదు. పి అక్షరం గంటకు 150 కిలోమీటర్ల గరిష్ఠ వేగానికి గుర్తు. 2.75-18 వంటి పాత పద్ధతిలో మొదటి అంకె వెడల్పు అంగుళాల్లో. కొలత చైను కవరు దగ్గరి స్టిక్కరులోనో యజమాని పుస్తకంలోనో ఉన్నదే ఎంచుకోవాలి. బరువు సూచిక, వేగం అక్షరం అంతకు తగ్గకూడదు. కుటుంబమంతా ఒకే బండి మీద వెళ్లే ఇళ్లలో, పాల క్యాన్లో గ్యాస్ సిలిండరో మోసే బండ్లలో బరువు సూచికను చూడకుండా ధర ఒక్కటే చూసి కొనడం పొరపాటు.

తయారైన తేదీ నాలుగంకెల్లో ఉంటుంది. 2324 అంటే 2024లో 23వ వారం. రబ్బరు వాడకపోయినా వయసు మీరుతుంది, నూనెలు ఆరి గట్టిపడుతుంది. రాయితీ ధరకు దొరికే టైరు మూడు నాలుగేళ్ల కిందటిది కావచ్చు. అడిగి వేరేది తీయించుకోవడంలో మొహమాటం అక్కర్లేదు.

రబ్బరు మిశ్రమంలో ఒకటి కావాలంటే ఒకటి వదులుకోవాలి. మెత్తటి రబ్బరు రోడ్డును గట్టిగా పట్టుకుంటుంది, త్వరగా అరుగుతుంది. గట్టిది ఎక్కువ కిలోమీటర్లు వస్తుంది, వానలో జారుతుంది. సిలికా కలిపిన మిశ్రమాలు తడి రోడ్డు మీద మెరుగ్గా పట్టుకుంటాయి. రోజూ 80 కిలోమీటర్లు తిరిగే డెలివరీ కుర్రాడికీ, ఆఫీసుకు పది కిలోమీటర్లు వెళ్లివచ్చే వ్యక్తికీ ఒకే టైరు సరైనది కాదు. అయినా వెనక ఎక్కువకాలం మన్నేది వేసుకున్నా, బ్రేకు వేసినప్పుడు బరువంతా పడే ముందు చక్రం దగ్గర పట్టును వదులుకోవడం తెలివైన పొదుపు కాదు. మట్టి రోడ్లకు చేసిన పెద్ద దిమ్మెల ట్రెడ్ తారు రోడ్డు మీద తక్కువ రబ్బరును నేలకు ఆనిస్తుంది.

ట్యూబు టైరు రిమ్ముకు ట్యూబ్‌లెస్ టైరు ట్యూబు లేకుండా వేయకూడదు. స్పోకుల రంధ్రాల గుండా గాలి పోతుంది, బీడ్‌ను పట్టి ఉంచే మెట్టు కూడా ఆ రిమ్ముకు ఉండకపోవచ్చు. ట్యూబు టైరు మారుస్తుంటే ట్యూబు కూడా కొత్తది వేయాలి, పాతది సాగి ఉంటుంది కాబట్టి కొత్త టైరులో మడతలు పడి అక్కడే చిరుగుతుంది. ట్యూబ్‌లెస్ అయితే వాల్వు మార్పించాలి. రీబటన్ టైర్లు లారీలకు లెక్కలోకి వస్తాయేమో గానీ బైకుకు వద్దు. పక్కల మీది బాణం గుర్తు చక్రం తిరిగే దిశను చూపాలి. కొన్ని టైర్లకు ముందుకూ వెనకకూ బాణాలు వేరుగా ఉంటాయి, బిగించేవారు తొందరలో ఇది తరచూ తప్పుతారు.

గాలి ఎప్పుడూ చల్లగా ఉన్నప్పుడే చూడాలి. 25 డిగ్రీల దగ్గర 28 ఉన్న పీడనం, మే నెల ఎండలో నడిచిన టైరు 55 డిగ్రీలకు చేరితే 32 దాటుతుంది. అది చూసి "ఎక్కువైంది" అని తీసేస్తే మర్నాడు పొద్దునకు టైరు నీరసపడి ఉంటుంది. తక్కువ గాలితో టైరు ప్రతి చుట్టులోనూ ఎక్కువ నలుగుతుంది, నలుగుడు వేడిగా మారుతుంది, ఆ వేడే పొరలను విడదీస్తుంది. ట్రెడ్ లోతు విషయంలో కేంద్ర మోటారు వాహన నియమాలు ద్విచక్ర వాహనాలకు 0.8 మిల్లీమీటర్ల హద్దు పెట్టాయి. గాడుల్లో టీడబ్ల్యూఐ గుర్తు దగ్గరుండే చిన్న దిమ్మెలు ట్రెడ్‌తో సమానమయ్యాయంటే ఆ హద్దు వచ్చేసింది. వానాకాలం అంత దాకా ఆగకపోవడమే మేలు.

బిగించిన రోజున షాపు వదిలే ముందే చక్రాన్ని ఒకసారి తిప్పి, బీడ్ గీతను చుట్టూ చూసి, వాల్వు మీద సబ్బు నీళ్ల చుక్క వేసి బుడగ వస్తోందేమో గమనించడానికి ఐదు నిమిషాలు చాలు. అచ్చు నుంచి ఊడి రావడానికి వాడే జిడ్డు కొత్త ట్రెడ్ మీద మిగిలి ఉంటుంది కాబట్టి, మొదటి 150 కిలోమీటర్లు బండిని ఎక్కువ వాల్చకుండా, బ్రేకు అదాటున నొక్కకుండా నడపాలి. అందులో మొదటి 20 కిలోమీటర్లు పూర్తయ్యేసరికి వణుకు సర్దుకునేదో కాదో తెలిసిపోతుంది. అప్పటికీ మిగిలి ఉంటే బిల్లు, సుద్దముక్క తీసుకుని అదే షాపుకు వెళ్లవచ్చు.